చిన్న లాగూన్ కట్టను కాపాడుకోవడం ఎలా: రోజూ కట్ట మీద నడిచే మనిషికి

ఫ్యాక్టరీ వెనక గోడ అవతల ఎకరం, రెండెకరాల్లో మట్టికట్ట పోసి మురుగునీళ్ళు నిలబెట్టే చెరువులు మన దగ్గర చాలా ఉన్నాయి. డిస్టిలరీల్లో లాగూన్ అంటారు, మందుల కంపెనీల్లో హోల్డింగ్ పాండ్ అంటారు. కట్ట ఎత్తు చాలాచోట్ల నాలుగైదు మీటర్లకు మించదు కాబట్టి దాన్ని ఎవరూ డ్యాం అనుకోరు. 2021లో వచ్చిన డ్యాం సేఫ్టీ చట్టం కూడా వీటి జోలికి రాదు. నదుల మీద, ఉపనదుల మీద కట్టినవి, అందులోనూ 15 మీటర్ల ఎత్తు దాటినవి, లేదంటే 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ లాంటి షరతులకు తూగేవి మాత్రమే దాని లెక్కలోకి వస్తాయి. ఇక మన లాగూన్ కట్ట నిలుస్తుందా లేదా అన్నది రోజూ దాని మీద నడిచే మనిషే చూసుకోవాలి.

ఆ మనిషి కోసమే ఇది రాస్తున్నాను. నేను సివిల్ సూపర్‌వైజర్‌గా ఎక్కువ కాలం డిస్టిలరీ లాగూన్ల దగ్గర పనిచేశాను, అందుకే ఉదాహరణలు ఎక్కువగా స్పెంట్ వాష్ (డిస్టిలరీలో ఆల్కహాల్ తీశాక మిగిలే మురుగునీళ్ళు) గురించి ఉంటాయి. పద్ధతి మాత్రం ఏ మురుగునీటి కట్టకైనా ఒకటే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. కట్ట చూసే మనిషికి ఫీడ్ పంపు, అంటే లాగూన్‌లోకి నీళ్ళు పంపే పంపు, ఆపే అధికారం ఉండాలి. పర్మిషన్ అడిగి ఆపడం కాదు, ముందు ఆపి తర్వాత ఫోన్ చేసి చెప్పే అధికారం. మీ ఫ్యాక్టరీలో అది లేకపోతే, కింద రాసిన పనులన్నీ చేసినా ప్రమాదం జరిగే రోజున మీరు చూస్తూ నిలబడాల్సి వస్తుంది. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, బఫెలో క్రీక్ అనే లోయ పైన బొగ్గు కడిగిన నీళ్ళను నిలబెట్టిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. వానలకు మట్టం పెరుగుతున్న సంగతి కంపెనీ మనుషులకు తెలుసు. ఆ రాత్రి కర్ర పాతి కొలుస్తూనే ఉన్నారు. లోయలో నిద్రపోతున్న జనానికి మాత్రం కంపెనీ నుంచి హెచ్చరిక వెళ్ళలేదు. అంటే కొలత ఉంది, కొలిచినవాడి చేతిలో నిర్ణయం లేదు. కాబట్టి ప్లాంట్ మేనేజర్ సంతకంతో ఒక కాగితం రాయించుకోండి: ఫలానా గుర్తు దాటితే షిఫ్టులో ఉన్న కట్ట మనిషి ఫీడ్ పంపు ఆపవచ్చు, ఆపినందుకు అతని మీద చర్య ఉండదు. దాన్ని లామినేషన్ చేయించి పంపు ప్యానెల్ పక్కనే తగిలించండి.

చిన్న కట్టే కదా అనేవాళ్ళకు లెక్క చెప్పండి. ఎకరం విస్తీర్ణంలో సగటున మూడు మీటర్ల లోతు ఉంటే 12,000 ఘనపు మీటర్లు, అంటే కోటీ ఇరవై లక్షల లీటర్లు. గండి పడితే అది నిదానంగా బయటికి రాదు. మట్టి కోసుకుపోతూ గండి వెడల్పయ్యే కొద్దీ నీళ్ళు ఒక్కసారిగా మీద పడతాయి. పైగా అవి మామూలు నీళ్ళు కావు. శుద్ధి చేయని స్పెంట్ వాష్ సీఓడీ (అందులోని మలినాలకు ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే కొలత) లీటరుకు లక్ష మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. వాగులో కలిస్తే ఆ నీటిలోని ఆక్సిజన్‌ను మింగేస్తుంది. 2018 మే నెలలో పంజాబ్‌లో ఒక చక్కెర ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్ కారి బియాస్ నదిలో చేరితే చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. ఇటలీలోని స్తావా లోయలో 1985 జులై 19న తెగిన రెండు గని బురద చెరువుల నుంచి బయటికి వచ్చింది దాదాపు రెండు లక్షల ఘనపు మీటర్లే. పైది జారి కిందిదాని మీద పడింది, రెండూ కలిసి లోయలోకి దిగాయి. 268 మంది చనిపోయారు. ఒక లాగూన్ కింద ఇంకో లాగూన్ కట్టుకున్న ఫ్యాక్టరీలు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మీ దగ్గర పైకట్టకు, కిందికట్టకు వేరువేరు రిజిస్టర్లు ఉన్నా, ప్రమాదం మాత్రం ఒక్కటే.

మట్టం

మట్టికట్ట తెగడానికి దారులు ముఖ్యంగా మూడు. నీళ్ళు కట్ట మీదుగా పొర్లడం, లోపల బుంగ పడడం (నీళ్ళు మట్టిని కోసుకుంటూ కట్ట లోపల దారి చేసుకోవడం), వాలు జారిపోవడం. మూడింటికీ మట్టం పెరగడమే బలం. అందుకే మట్టం దగ్గర మొదలుపెడతాను.

నీటి పైతలం నుంచి కట్ట పైభాగం దాకా మిగిలిన ఖాళీని ఫ్రీబోర్డు అంటారు. డ్రాయింగ్‌లో అది ఒక మీటరని రాసి ఉంటుంది. డ్రాయింగ్‌ను నమ్మకండి. కట్ట పోసిన నాటి నుంచి మట్టి కుదించుకుపోతుంది, ట్రాక్టర్లూ ట్యాంకర్లూ ఎక్కి దిగే చోట గాడి పడుతుంది. నీళ్ళు పొర్లేది ఆ గాడిలోంచే, కట్ట సగటు ఎత్తులోంచి కాదు. కాబట్టి ఫ్రీబోర్డును కట్టలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు నుంచి కొలవాలి.

ఆ పల్లం ఎక్కడుందో పట్టుకోవడానికి సర్వేయర్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన సన్నటి పైపు, దానినిండా నీళ్ళు, మధ్యలో గాలిబుడగ లేకుండా. కట్ట పొడవునా పది మీటర్లకొక మేకు కొట్టి, ఒక మేకు నుంచి ఇంకో మేకుకు మట్టం పట్టుకుంటూ పొండి. ఇద్దరు మనుషులు కలిస్తే ఒక పూటలో అయిపోతుంది. ఏడాదికి రెండుసార్లు, నైరుతి వానల ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్ల ముందు ఒకసారి చేయండి. పల్లం దొరికితే ఎర్రమట్టి తెచ్చి కుమ్మరించి వదిలేయొద్దు. పైపొర గీకి, తడిపి, పలుచటి పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలి. లేకపోతే పాతమట్టికీ కొత్తమట్టికీ మధ్య అతుకులోంచే నీరు దారి చేసుకుంటుంది.

గేజి విషయంలో నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి ఒకటి చెబుతాను. అందరూ గేజి కర్రను లాగూన్ అడుగు నుంచి పైకి రాయిస్తారు. అప్పుడు రీడింగ్ 3.4 అని వస్తుంది. రాత్రి షిఫ్టులో ఉన్న కొత్త కుర్రాడికి 3.4 అంటే మంచిదో చెడ్డదో తెలియదు. నేను పైనుంచి కిందికి రాయిస్తాను. కట్టలో అతి పల్లమైన చోటు మట్టమే సున్నా. అప్పుడు రీడింగే మిగిలిన ఖాళీ. 60 అంటే ఇంకా 60 సెంటీమీటర్లే ఉందని చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది. ఒక మీటరు దగ్గర హెచ్చరికగా పసుపు గీత, 60 దగ్గర ఎర్ర గీత. ఎర్ర గీత తగిలితే పంపు ఆగాలి.

ఒక మీటరు ఎందుకో కూడా చూడండి. లాగూన్ ఎకరం, అంటే సుమారు 4,050 చదరపు మీటర్లు. వాతావరణ శాఖ 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటిన వానను అత్యంత భారీ వర్షం అంటుంది. కోస్తాలో తుపాను వచ్చినప్పుడు అది వింతేమీ కాదు. 200 మి.మీ. వాన లాగూన్ మీద నేరుగా పడితే 20 సెం.మీ. పెరుగుతుంది. చుట్టుపక్కల ఇంకో ఎకరం యార్డు నీళ్ళు కూడా అందులోకే పారితే మరో 20. కరెంటు పోయి రీసైకిల్ పంపు ఆగి, ఫ్యాక్టరీ మాత్రం రోజుకు 150 కిలోలీటర్లు వదులుతూ ఉంటే మూడు రోజులకు ఇంకో 11. అంటే 51 సెంటీమీటర్లు. తుపాను గాలికి అలలు లేచి కట్టను కొట్టేది ఇంకా ఇందులో కలపలేదు. మీ లాగూన్ విస్తీర్ణం, మీ యార్డు విస్తీర్ణం, మీ రోజువారీ నీళ్ళు పెట్టి ఇదే లెక్క వేసుకోండి. మీటరు సరిపోదని తేలితే పసుపు గీతను ఇంకా కిందికి దించండి.

ఈ లెక్కలో సులువుగా తగ్గించగలిగింది యార్డు నీళ్ళనే. వాననీరు లాగూన్‌లోకి రాకుండా చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ ఉండాలి. ఉన్నా అది జూన్ నాటికి గడ్డితో, ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయి ఉంటుంది. షెడ్డు కప్పు మీది నీళ్ళను పైపు పెట్టి లాగూన్‌లోకి వదిలే ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. అలాంటి పైపు కనబడితే ఆ రోజే తీయించండి. అలాగే పక్కన అత్యవసరం కోసం కట్టిన ఖాళీ పాండ్ ఉంటే అది నిజంగా ఖాళీగానే ఉండాలి. ఎండాకాలంలో "కొంచెమే కదా" అని అందులోకి నీళ్ళు వదలడం మొదలవుతుంది, వానాకాలం వచ్చేసరికి సగం నిండి ఉంటుంది.

పొర్లితే మట్టికట్ట ఎంతసేపు నిలుస్తుందో తెలియాలంటే మన కడప జిల్లా వైపు చూస్తే చాలు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట మీదుగా వరద పొర్లి, మట్టికట్ట కొట్టుకుపోయి, కింద ఊళ్ళు మునిగాయి. అది పెద్ద ప్రాజెక్టు. మన కట్ట దానిలో ఎన్నో వంతు కూడా ఉండదు.

నడక

రోజుకొకసారి కట్ట చుట్టూ నడవాలి, వానరోజుల్లో షిఫ్టుకొకసారి. పైన నడిచి వచ్చేస్తే అది తనిఖీ కాదు. ఒక చుట్టు కట్ట మీద, ఒక చుట్టు బయటి వాలు మధ్యలో, ఒక చుట్టు కట్ట అడుగున. చేతిలో కర్ర, కాళ్ళకు గమ్ బూట్లు. ఒకరోజు కుడివైపు నుంచి మొదలుపెడితే మరుసటి రోజు ఎడమవైపు నుంచి నడవండి. ఎదురు దిశలో వచ్చేటప్పుడు వెలుగు వేరుగా పడుతుంది, నిన్న కనబడని పగులు ఈరోజు కనబడుతుంది.

తెల్లవారగానే వెళితే మంచు పడి వాలంతా తడిగానే ఉంటుంది, ఏది ఊటో తెలియదు. తొమ్మిది పది గంటలకు మంచు ఆరిపోతుంది, ఊట చెమ్మ మాత్రం ఆరదు. చూడాల్సిన సమయం అదే. స్పెంట్ వాష్ అయితే గోధుమరంగు మరక, బెల్లం పాకం మాడిన వాసన చెప్పేస్తాయి. రంగులేని నీళ్ళున్న చోట కష్టం. అక్కడ గడ్డిని చూడాలి. మే నెలలో వాలంతా ఎండిపోయి ఒకచోట మాత్రం పచ్చగా ఉంటే లోపల నుంచి తడి అందుతున్నట్టు. ఉప్పు ఎక్కువున్న నీళ్ళయితే తిరగబడి, అంతా పచ్చగా ఉండి ఒకచోట గడ్డి మాడి ఉంటుంది, మట్టి మీద తెల్లటి చవుడు పొర కడుతుంది. కర్రతో పొడిచి చూడండి. మెత్తగా దిగబడితే అక్కడ మేకు పాతి తేదీ రాయండి.

పగుళ్ళలో తేడా తెలుసుకోవాలి. నల్లరేగడితో పోసిన కట్ట మీద ఎండాకాలంలో గజిబిజిగా వచ్చే నెర్రెలు మట్టి ఎండినందుకు వచ్చేవి. అవి కూడా వాన ముందు పూడ్చాల్సినవే, కానీ టెన్షన్ పడాల్సినవి కావు. కట్టకు అడ్డంగా లోపలి వాలు నుంచి బయటి వాలు దాకా వచ్చిన పగులు వేరు, అది నీటికి నేరుగా దారి. కట్ట పొడవునా వచ్చి రెండు కొసలా కిందికి వంగిన పగులు ఇంకా వేరు. కొడవలిలా వంగి ఉంటుంది, దాని కిందిభాగం రెండు మూడు అంగుళాలు దిగి ఉంటుంది. వాలు జారడం మొదలైందని అర్థం. ఆ చోటుకు నేరుగా కింద, కట్ట అడుగున నేల ఉబ్బిందేమో చూడండి. రెండూ ఉంటే ఆరోజే ఇంజనీర్ రావాలి, మట్టం దించడం మొదలుకావాలి, కట్ట మీదికి ఏ బండీ ఎక్కకూడదు.

పగులుకు రెండువైపులా రెండు మేకులు కొట్టి మధ్య దూరం టేపుతో కొలిచి రోజూ రాయండి. ఎంత లోతుందో తెలియాలంటే సున్నం నీళ్ళు పోసి, ఆరాక పక్క నుంచి తవ్వి చూస్తే తెల్లగీత ఎంతవరకు దిగిందో కనబడుతుంది. నీళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఇలా తవ్వే పని పెట్టుకోవద్దు.

కట్ట మీద సర్కారు తుమ్మ మొలిస్తే వేలెడంత ఉన్నప్పుడే పీకేయాలి. పెద్దదైపోతే పీకొద్దు. లాగూన్ నిండుగా ఉన్నప్పుడు వేళ్ళు లాగితే అదే బుంగకు దారి. ముందు మొదలు దాకా నరకండి, ఎండాకాలంలో మట్టం దించాక వేళ్ళతో సహా తవ్వి, మంచి మట్టితో పొరలు పొరలుగా కొట్టి పూడ్చండి. పందికొక్కు కలుగు విషయంలోనూ అంతే. రాయి పెట్టి మూతి మూస్తే కలుగు లోపల అలాగే ఉంటుంది. చివరిదాకా తవ్వి పూడ్చాలి. చెదపుట్టలు కూడా ఇలాగే, పైన పగలగొట్టి వదిలేస్తే లోపలి గదులు ఖాళీగానే ఉంటాయి.

కట్ట అడుగు నుంచి మట్టి తవ్వుకుపోనివ్వకండి. ఇటుకబట్టీ వాళ్ళో, పక్క పొలం వాళ్ళో, ఒక్కోసారి మన ఫ్యాక్టరీ కాంట్రాక్టరో అక్కడి మట్టి దగ్గరగా ఉందని జేసీబీ పెడతారు. బయటి వాలుకు ఆసరా ఆ అడుగు మట్టే.

గ్లాసులో మట్టి

మట్టికట్టలకు పాత చెరువుల అనుభవం మనకు చాలా ఉంది, కానీ ఊరి చెరువులో ఉండేది వాననీరు. మన లాగూన్‌లో సోడియం ఎక్కువుండే నీళ్ళు ఉండవచ్చు, ముఖ్యంగా కాస్టిక్ వాడే చోట. సోడియం పట్టిన కొన్ని బంకమట్టులు నీటిలో గట్టిగా ఉండలేవు, రేణువులు విడిపోయి పాలలా కరిగిపోతాయి. అలాంటి మట్టిలో సన్న పగులు చాలు, రెండు రోజుల్లో అది బుంగ అయిపోగలదు.

పరీక్ష చాలా తేలిక. కట్ట మట్టి శనగగింజంత ఉండ తీసుకోండి, దాని సహజ తేమతోనే. గాజుగ్లాసులో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి అందులో మెల్లగా వదలండి, కదపకండి. ఉండ విరిగి కుప్పగా కూర్చుని పైన నీరు తేటగా ఉంటే ఫర్వాలేదు. ఉండ చుట్టూ పొగలాంటి తెల్లటి మబ్బు లేచి గ్లాసు అడుగంతా పరుచుకుంటే ఆ మట్టి ప్రమాదకరం. కుళాయి నీళ్ళతో చేయకండి, అందులోని ఉప్పులు మబ్బును దాచేస్తాయి. గంటసేపు చూడండి. కట్ట నాలుగైదు చోట్ల నుంచి, ముఖ్యంగా చెమ్మ కనబడిన చోటి నుంచి మట్టి తీయండి. మబ్బు లేస్తే మట్టి ల్యాబ్‌కు పంపించమని మేనేజ్‌మెంట్‌కు రాతపూర్వకంగా అడగండి. ఆ గ్లాసు ఫోటో జతచేస్తే పని త్వరగా కదులుతుంది.

హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు లోపల పరిచాం కదా అంటారు. షీటు మంచిదే. కానీ అతుకుల దగ్గర వెల్డింగ్ ఊడుతుంది, పూడిక తీసే జేసీబీ పన్ను తగిలి చిరుగుతుంది. సేంద్రియ పదార్థం ఉన్న నీళ్ళు కారి షీటు కింద కుళ్ళితే గ్యాస్ పట్టి షీటు పైకి ఉబ్బుతుంది. నీటి మధ్యలో నల్లటి ఉబ్బు తేలితే కింద లీకేజి ఉండవచ్చని అనుమానించండి. షీటు ఉన్నా నడక మానొద్దు.

పైపులు

కట్టను చీల్చుకుని పోయే ప్రతి పైపూ బలహీనమైన చోటే. గుండ్రటి పైపు కింది చెంపల దగ్గర మట్టిని గట్టిగా కొట్టడం కష్టం. అక్కడ వదులుగా ఉన్న మట్టి వెంట నీళ్ళు జారతాయి. జీఐ పైపు ఆమ్లగుణం ఉన్న నీళ్ళకు తుప్పుపట్టి చిల్లు పడుతుంది. ఒత్తిడితో ఉన్న నీళ్ళు ఆ చిల్లులోంచి కట్ట పొట్టలోకి చిమ్ముతాయి. కొత్తగా కడుతుంటే పైపు కట్ట మీదుగా వేయించండి, పంపుతోనో సైఫన్‌తోనో. ఇప్పటికే ఉన్న పైపు అయితే దాని బయటి మూతి దగ్గర రోజూ చూడండి: నీళ్ళు పైపు లోపలి నుంచి వస్తున్నాయా, పైపు చుట్టూ ఉన్న మట్టిలోంచి వస్తున్నాయా? రెండోది అయితే అది మామూలు లీకు కాదు. వాడకం ఆపేసిన పైపులకు మూత బిగించి వదిలేయకుండా, నిండా సిమెంటు గ్రౌటు పంపు చేయించండి.

ఊటను కొలవడం

ఏ మట్టికట్టకైనా కొంత ఊట ఉంటుంది. ఊట ఉందా లేదా అన్నది కాదు, మారుతోందా అన్నది చూడాలి. ఊటనంతా చిన్న కాలువ చేసి ఒకచోటికి తెచ్చి, పది లీటర్ల బకెట్ పెట్టి సెల్‌ఫోన్‌లో టైమ్ చూడండి. ఇరవై సెకన్లలో నిండితే సెకనుకు అరలీటరు. ఊట ఎక్కువైతే 90 డిగ్రీల వీ నాచ్ పలక (పై అంచున V ఆకారంలో కోసిన పలక) పెట్టించండి. నాచ్ అడుగు నుంచి నీటి ఎత్తు 5 సెం.మీ. ఉంటే సెకనుకు ముప్పావు లీటరుకు కాస్త పైన, 10 సెం.మీ. ఉంటే నాలుగు లీటర్లకు పైన. ఎత్తు రెండింతలైతే ప్రవాహం అయిదింతలు దాటుతుంది, కాబట్టి ఒక సెంటీమీటరు తేడాను కూడా చిన్నదనుకోకండి. పక్కనే ఆరోజు లాగూన్ మట్టం రాయాలి. మట్టం పెరిగి ఊట పెరిగితే కొంత సహజం. మట్టం అలాగే ఉండి ఊట పెరిగితే లోపల దారి పెద్దదవుతోంది.

ఊటలో మట్టి వస్తోందా అన్నది ఇంకా ముఖ్యం. స్పెంట్ వాష్ నల్లగా ఉంటుంది కాబట్టి కంటికి తెలియదు. గాజుసీసాలో పట్టి తేదీ రాసి ఒకరోజు కదపకుండా ఉంచండి, అడుగున ఎంత మట్టి దిగిందో చూడండి. వారానికొక సీసా చొప్పున షెల్ఫులో వరుసగా పెట్టండి. వరుసలో చివరి సీసా అడుగున మట్టిపొర మందంగా ఉంటే రిపోర్టు చదివే ఓపిక లేని మేనేజర్‌కు కూడా అర్థమవుతుంది. మట్టితో వచ్చే ఊట అంటే కట్ట లోపలి నుంచి కరిగిపోతున్నట్టే, దానికి రేపటిదాకా ఆగే పని లేదు.

బుంగ కనబడితే

వరుస గుర్తుపెట్టుకోండి. ముందు ఫీడ్ పంపు ఆపండి. వెంటనే కింద ఉన్న మనుషులకు ఫోన్. ఆ తర్వాత నీళ్ళు ఖాళీ పాండ్‌లోకి తోడే పంపులు, చివరగా బస్తాలు. చాలామంది బస్తాలతో మొదలుపెడతారు, ఆ హడావుడిలో ఫోన్ చేయడం మరిచిపోతారు. కట్ట కింది పొలాల వాళ్ళు, గొర్రెల కాపరులు, వాగు అవతలి ఊరి సర్పంచ్, గ్రామ రెవెన్యూ అధికారి, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్, 112. ఈ జాబితా సెల్‌ఫోన్‌లో ఉంటే చాలదు, గోడ మీద పెయింటుతో రాసి ఉండాలి. మూడు నెలలకొకసారి ఆ నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో చూడండి.

బయటి వైపు నీళ్ళు బుగ్గలా లేస్తుంటే దాని మూతిని బంకమట్టితో మూయకండి. అక్కడ మూస్తే లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోచోట పగులుతుంది. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా దడి కట్టండి. లోపల నీరు కొంత ఎత్తుకు నిలిచేసరికి ఒత్తిడి తగ్గి మట్టి రావడం ఆగుతుంది. దడి లోపల ముందు ముతక ఇసుక, దాని మీద చిప్స్ (సన్న కంకర), దాని మీద 20 మి.మీ. కంకర, ఆపైన రాళ్ళు. నీళ్ళు పోవాలి, మట్టి ఆగాలి. మూయాల్సింది లోపలివైపు: నీటిలో సుడి కనబడితే అక్కడ బంకమట్టి బస్తాలు, టార్పాలిన్ వేయండి. ఇసుక, చిప్స్, కంకర, ఖాళీ సంచులు అక్టోబరు నాటికి కట్ట దగ్గరే ఉండాలి. తుపాను రాత్రి క్రషర్ నుంచి లారీ రాదు.

కట్ట అడుగున మట్టి కుప్పకూలుతుంటే మాత్రం బస్తాలు వదిలేసి అందరూ పక్కకు, ఎత్తుకు పరుగెత్తాలి. ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారో ముందే పేరు పెట్టి రాసుకోండి.

మామూలు రోజుల్లో మట్టం దించేటప్పుడు ఒకేసారి తోడేయకండి. తడిసి బరువెక్కిన లోపలి వాలుకు నీటి ఆసరా హఠాత్తుగా పోతే అదే జారుతుంది. రోజుకు ఒక అడుగు దించడం మంచి పద్ధతి. బుంగ పడిన రోజున ఈ లెక్క వర్తించదు, అప్పుడు ఎంత వేగంగా వీలైతే అంత.

మనుషులు

కట్టకు దిగువన కూలీల షెడ్లు, క్యాంటీన్, సైకిల్ స్టాండ్ ఉండకూడదు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యో గని కట్ట తెగినప్పుడు కంపెనీ క్యాంటీన్, ఆఫీసులు దాని దారిలోనే ఉన్నాయి. అది భోజనాల వేళ. 270 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆ గనిలో పనిచేసేవాళ్ళే. మన దగ్గర 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలిలో విద్యుత్ కేంద్రం బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు పోయారు. మీ కట్ట నీడలో ఎవరైనా గుడిసె వేసుకుని ఉంటే వాళ్ళకు ముందు వేరే చోటు చూపించి, ఆ తర్వాత ఖాళీ చేయించండి. వట్టి నోటీసు అంటిస్తే వాళ్ళు మళ్ళీ అక్కడికే వస్తారు, పోవడానికి ఇంకో చోటు లేక.

షీటు వేసిన లాగూన్‌లో జారిపడ్డ మనిషి పైకి ఎక్కలేడు, ఈత వచ్చినా. షీటు మీద నాచు జారుతుంది. ఇరవై మీటర్లకొక చోట ముడులు వేసిన మోకు కట్టి లోపలికి వేలాడదీయండి, లేదా పాత టైర్లను గొలుసుగా కట్టి దించండి. లైఫ్ రింగ్ గేటు దగ్గర కాదు, కట్ట మీదే ఉండాలి. ఒంటరిగా ఎవరూ లోపలి వాలు మీదికి దిగకూడదు.

కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు, అందుకే "ఇప్పుడు వాసన పోయింది" అన్న మాట నమ్మకండి. పంప్ సంప్‌లోకి, వాల్వ్ గుంటలోకి గ్యాస్ మీటర్ చూడకుండా, పైన ఒక మనిషి లేకుండా దిగకూడదు. లోపల ఒకరు పడిపోతే కాపాడదామని రెండోవాడు దిగి చనిపోయిన ఘటనలు మన పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం.

వాడకం ఆపేసిన లాగూన్

దీన్ని చాలామంది మరిచిపోతారు. దక్షిణాఫ్రికాలోని మెరీస్ప్రూట్‌లో 1994 ఫిబ్రవరి 22న తెగింది, వాడకం ఆపేశామని చెప్పిన గని బురద కట్ట. ఆపేశామంటూనే అందులోకి నీళ్ళు వదులుతూ వచ్చారు, ఫ్రీబోర్డు తగ్గిపోయింది. ఆ సాయంత్రం అరగంటలో దాదాపు 50 మి.మీ. వాన పడేసరికి కట్ట పొర్లి తెగింది. కింద ఉన్న కాలనీలో 17 మంది చనిపోయారు.

కాబట్టి వాడని లాగూన్‌కు కూడా గేజి, నడక, రిజిస్టరు కొనసాగాలి. లేదంటే పూర్తిగా మూసేయాలి: నీళ్ళన్నీ తోడి, అడుగు బురద తీసి, వాననీరు నిలవకుండా కట్టను ఒకచోట వెడల్పుగా కోసేయాలి. కట్ట కోసే ముందు అడుగున మిగిలిన బురద శాంపిల్ ల్యాబ్‌కు పంపి, అది ఎక్కడికి పోవాలో పొల్యూషన్ బోర్డు నుంచి కాగితం చేతికి వచ్చాకే జేసీబీని పిలవండి.